సముద్రానికున్న సెలవు గేమ్‌లో లేదు

ఒళ్లు మండిపోతోంది. మా పక్కింటి ఎర్రయ్య బావ చేపల వేటకెళ్తాడు. ఇప్పుడు వేట నిషేధం కదా, బోటు హార్బర్‌లో కట్టేసి ఉంది. ఊసుపోవడం లేదంటే ఫోన్‌లో చేపల గేమ్ నేనే ఎక్కించాను. నెలంతా ఆడి అందులో పెద్ద బోటు సంపాదించాడు. మేనకోడలి పెళ్లికి భీమిలి వెళ్లి, మూడు రోజులు గేమ్ తెరవలేదు. ఈ రోజు తెరిస్తే బోటు లేదు! రోజూ రానందుకు వెనక్కి తీసేసుకున్నారట.

"సేపలు గుడ్లెడతాయని సముద్రానికే రెండు నెల్లు సెలవిత్తాం. ఈడేటి బావా, మనిసికి మూడ్రోజులివ్వడా?" అన్నాడు. గేమ్ అక్కడికక్కడే తీసిపారేశాడు.

దీన్ని డిజైన్ అంటారా, దౌర్జన్యం అంటారా?

నేను మాత్రం ఇంటికొచ్చి, నా గేమ్‌లో ఈ రోజు హాజరు వేయించుకున్నాకే ఈ పోస్టు రాస్తున్నాను. ముందు నన్ను తిట్టండి.