నేను చెరిపేసిన పేరా

మధురానగర్‌లో మేముంటున్న అపార్టుమెంటు గేటు దగ్గర ప్రతి శనివారం సాయంత్రం ఒక కారు వచ్చి ఆగుతుంది. మూడో అంతస్తులో ఉండే అమ్మాయి తన కూతుర్ని చిన్న సంచీతో సహా కిందికి తీసుకొస్తుంది, కారు దిగిన తండ్రి పిల్ల చెయ్యి అందుకుంటాడు, పెద్దవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. కోర్టువారు రాసిచ్చిన ఏర్పాటట. కింద బెంచీ మీద కూర్చునే నా ఈడువాళ్ళంతా ఆ పిల్లను చూసి అయ్యో పాపం అంటారు. నాకు మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, అసూయ కలుగుతుంది.

ఇరవై ఏళ్ళ పైమాట. అప్పట్లో నేను ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, నటీనటులతో చేసుకునే అగ్రిమెంట్లన్నీ టైపు చేసేవాణ్ణి. మా మేనేజరుగారికి నోటిమాట మీద ఏ కోశానా నమ్మకం లేదు. "హీరోయిన్‌కి రోజూ కొబ్బరిబోండం ఇస్తామని ఒప్పుకున్నా సరే, అది కాయితం మీద ఉండాల్సిందేనయ్యా" అనేవారు. మేము నవ్వుకునేవాళ్ళం. ఎన్ని గంటలకు కారు పంపాలి, భోజనం ఎక్కణ్ణుంచి రావాలి, అన్నీ అంకెలు వేసి రాసిన వేళ్ళు ఇవి.

మా చెల్లెలు, ఆమె భర్త కృష్ణానగర్‌లో మా చర్చి సంఘంలోనే ఉండేవారు. అతను రికార్డింగు థియేటర్లలో కీబోర్డు వాయించేవాడు, ఆదివారం ఆరాధనలోనూ అతనిదే వాద్యం. ఆ కాపురం ఎందుకు నిలబడలేదో ఇప్పుడు తవ్వి తీయను, తప్పు ఇద్దరిలోనూ ఉంది. రెండేళ్ళు విడివిడిగా ఉన్నాక, పరస్పర అంగీకారంతో విడిపోదామనుకున్నారు. ఆరేళ్ళ మేనకోడలి సంగతే మిగిలింది. చెల్లెలికి అప్పటికి ఉద్యోగం లేదు, మా రెండుగదుల ఇంట్లో తలదాచుకుంటోంది. అతను వాళ్ళమ్మ దగ్గర ఉండేవాడు. పిల్ల బడి ఆ ఇంటికి దగ్గర కాబట్టి పిల్ల తన దగ్గరే ఉండాలని, శనివారం సాయంత్రం నుంచి ఆదివారం ఆరాధన అయ్యేదాకా మా చెల్లెలి దగ్గర ఉంచుతానని అతను అన్నాడు. ఆ మాట కోర్టు కాగితంలో అక్కర్లేదని, సంఘం ముందే ప్రమాణం చేస్తానని కూడా అన్నాడు. ఆ ఆదివారమే లేచి నిలబడి చేశాడు. పెద్దలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

వకీలుగారు రాసిస్తే నేనే టైపు చేసిన పిటిషన్‌లో శనివారాల గురించి, బడి ఫీజు గురించి, భరణం గురించి ఒక పెద్ద పేరా ఉంది. దాన్ని తీసేయమని అడగబోతే ఆయన నా మొహంకేసి అదోలా చూశాడు. "గిది రాయకుంటే రేపు మీ మాట ఎవ్వలు ఇనరు సార్. జర ఆలోచించుండ్రి" అన్నాడు. నేను వినలేదు. విశ్వాసులు అన్యుల ముందు వ్యాజ్యాలకు దిగకూడదని, అవునంటే అవును అన్నట్టే ఉండాలని చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసినవాణ్ణి. ఆ వాక్యభాగాలు చెల్లెలికి చదివి వినిపించాను. ఆమె "ఒక్క లైను ఉంచకూడదా అన్నయ్యా? శనివారాలు అని, అంతే" అంది. దేవుని ముందు మాటిచ్చినవాణ్ణి అనుమానించడం మన అవిశ్వాసమేనన్నాను. భోజన విరామంలో, ఆఫీసు కంప్యూటరు మీదే, ఆ పేరా చెరిపేశాను. పై వాక్యమూ కింది వాక్యమూ దగ్గరకు జరిగి అతుక్కున్నాయి. మధ్యలో ఏదో ఉండేదన్న ఆనవాలు కూడా లేదు. ఆమె సంతకం పెట్టింది.

ఆరు నెలలు మాట నిలబడింది. ఆ తర్వాత ఒక శనివారం జ్వరమన్నారు, ఒక శనివారం పరీక్షలన్నారు. ఆ పైన పని దొరికిందంటూ అతను తల్లినీ పిల్లనూ తీసుకుని చెన్నై వెళ్ళిపోయాడు. సంఘ పెద్దలు ఫోను చేస్తే, తానిప్పుడు మీ సంఘంలో లేను కదా అన్నాడట. వాళ్ళు ప్రార్థనలో పెడతామన్నారు. మళ్ళీ ఆ వకీలుగారి దగ్గరకే వెళ్ళాం. ఆయన ఒక్కమాట దెప్పలేదు, కొత్తగా పిటిషన్ వేశాడు. వాయిదాల మీద వాయిదాలు పడి అది విచారణకు వచ్చేసరికి పిల్లకు పదేళ్ళు నిండాయి. కోర్టులో బొమ్మలు పెట్టిన గదిలో తల్లితో గంటసేపు కూర్చోబెడితే, గోడవైపు తిరిగి కూర్చుని, "ఆంటీ, నన్ను మా నాయనమ్మ దగ్గరికి పంపించెయ్యండి" అంది. కన్నతల్లిని ఆంటీ అంది. చెల్లెలు బయటికొచ్చి, "దాన్నింక ఏడిపించొద్దు అన్నయ్యా" అని కేసు వదిలేసింది.

ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఆమె నన్ను నిందించలేదు. అదే నన్ను పట్టుకుని వదలనిది. నిందిస్తే క్షమాపణ అడిగేవాణ్ణి. కళ్ళు మూసుకుని మోకరిస్తే, రెండు వాక్యాలు అతుక్కున్న ఆ చోటు తెల్లగా కళ్ళముందుకు వచ్చి నిలుస్తుంది.

పోయిన ఏడు ఒక ఉదయం కుటుంబ ప్రార్థనలో దేవుడు కొండ మీద పది ఆజ్ఞలిచ్చిన భాగం ఆమె చదువుతూ ఆగిపోయింది. "చూశావా అన్నయ్యా, ఆయన కూడా నోటితో చెప్పి ఊరుకోలేదు. రాతిపలకల మీద రాసే ఇచ్చాడు" అంది. దెప్పుతున్నట్టు కాదు, అప్పుడే కనిపెట్టినట్టు. తర్వాత వచనంలోకి వెళ్ళిపోయింది. సంఘ పెద్దనయ్యాక ఆ అధ్యాయాన్ని నేను ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు.

ఇప్పుడు సంఘంలో విడిపోయే దంపతులు వస్తే, ముందు వకీలు దగ్గరికి వెళ్ళి పిల్ల సంగతి గంటలతో సహా రాయించుకోండని, ప్రార్థన ఆ తర్వాత చేద్దామని చెప్పేది నేనే. పెద్దాయనకు విశ్వాసం సన్నగిల్లిందని కుర్రకారు గుసగుసలాడుకుంటారు. అననీ. మా రోజుల్లో ఒకరి మాటను ఒకరం కాగితం అడగకుండా నమ్మేవాళ్ళం, ఆ కాలం తియ్యనిదని మా తరంవాళ్ళం చెప్పుకుంటూ ఉంటాం. తియ్యనిదే. దాని ఖరీదు మాత్రం నేను చెల్లించలేదు, మా చెల్లెలు చెల్లించింది.