ఉపవాసాల వీధిలో నా భోజనం

ఇంటింటి సర్వే అంటే ఎవరికైనా టీచర్లే గుర్తొస్తారు. ఆ మార్చిలో కొవ్వూరులో నాకు పడింది. అసలే షుగరు మనిషిని. ఆ శుక్రవారం మాత్ర వేసుకుని, హడావిడిలో టిఫిన్ తినకుండానే బయల్దేరాను. మధ్యాహ్నానికి కాళ్ళు లాగేస్తున్నాయి.

ఆ వేళకి చేరిన వీధిలో, మొదటింటి మస్తాన్‌బీ గారిది రంజాన్ ఉపవాసం. పక్కింటి మరియమ్మ గారు ఈస్టరు ముందు శుక్రవారాలు సాయంత్రం దాకా ఏమీ ముట్టరట. ఎదురింట్లో బుద్ధుడి పటం. పౌర్ణమి కాబట్టి మధ్యాహ్నం దాటాక తిననన్నారు సుజాత గారు. ఫారంలో ముగ్గురి మతాలూ రాసుకున్నాను గానీ, పస్తున్నవాళ్ళని అన్నమెలా అడగను? సుజాత గారి గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిపోయాను.

తెలివొచ్చేసరికి మస్తాన్‌బీ గారు పంచదార నీళ్ళు తాగిస్తున్నారు. మరియమ్మ గారు పిల్లలకి వండిన పప్పన్నం కలిపి తెచ్చారు.

"మీరంతా పస్తుంటే నేనెలా తిననండీ?" అన్నాను.

"ఉపవాసం మాకండి, మీక్కాదు. తినండి," అన్నారు సుజాత గారు విసనకర్రతో విసురుతూ.

తలెత్తకుండా తిన్నాను. ముగ్గురూ కంచం ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. ఆ మధ్యాహ్నం ఆ మూడిళ్ళ పెద్దవాళ్ళ మధ్య కడుపు నిండినదాన్ని నేనొక్కదాన్నే.