ఆకు మాదిరి లేని ఆకు

నిన్న సాయంత్రం నాలుగుంబావుకు కడపలో మూలికల అంగడాయన తాలీసపత్రి పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. దగ్గుకని కొన్నాను గానీ, ఇంటికొచ్చాక వాడలేదు, దాచలేదు. విప్పడం, వాసన చూడటం, మళ్లీ కట్టడం, పొద్దుగూకేదాకా ఇదే పని.

పంతొమ్మిదివందల యాభైలలో పాలకొండల కింద మా ఊళ్లో ఎండాకాలమంటే ఆకు రాల్చి, పెచ్చులు పెచ్చుల నల్ల బెరడుతో రాళ్ల మధ్య నిలబడ్డ ఎర్రచందనం చెట్లు, బిళ్లల్లాంటి వాటి కాయలను గాలికి విసిరి ఎవరిది దూరం పోతుందోనని మేం కాసే పందేలు, ఎవరికి వాపొచ్చినా ఆ చేవముక్కను సానరాయి మీద అరగదీసే మా అవ్వ. ఆ గంధానికి వాసన ఉండేది కాదు, రంగే.

ఒక చలికాలం చెల్లెలు సరోజకు కోరింత దగ్గు పట్టింది. దగ్గి దగ్గి ముఖం నల్లబడేది. ఎవరో చెబితే నాన్న కడపకు పోయి తాలీసపత్రి తెచ్చాడు. అవ్వ పొట్లం విప్పి చూసింది. లోపల సూదుల్లాంటి సన్నని ఆకులు.

"ఏమిరా, ఇది పత్రా? సాయిబు అంగడి చిమ్మిన కసువు కట్టిచ్చినాడు నీకు."

"ఆ ఆకు ఇట్లే ఉంటాదంట మా. యాడో మంచుకొండల్లోది."

"ఆకంటే ఆకు మాదిరి ఉండల్ల. నిన్నే అమ్మేసినా నీకు తెలీదురా."

నాన్న నవ్వేశాడు. అవ్వ ఆ సూదులను దిబ్బలో పోసి, చందనం అరగదీసి పాప రొమ్ముకు పూసింది. మరునాడు నాన్న ఆకులాంటి ఆకు కోసం మళ్లీ కడపకు పోయాడు. తిరిగొచ్చేసరికి సరోజ లేదు.

ఆ సూదులు ఆమెను బతికించేవని చెప్పలేను. అవ్వకు మాత్రం ఆ మాట చెప్పి ఊరడించగలిగినవారు లేరు. చాలాకాలం దిబ్బ దగ్గర కసువు కెలుకుతూ కనిపించేది. చందనం ముక్కను మళ్లీ ముట్టలేదు.

ఎర్రచందనం, తాలీసపత్రి, ఆ రెండు చెట్ల గురించి దొరికిందల్లా చదివాను. ఒకటి మా ఎండకు, మా రాళ్లకు అలవాటుపడి వేసవిలో మోడై నిలుస్తుంది. రెండోది నిజంగానే సూదుల్లాంటి ఆకులతో చలికొండల్లో పెద్ద చెట్ల నీడన ఏడాదంతా పచ్చగా ఉంటుంది. రెండింటి చేవా ఎరుపే, రెండూ నిదానంగానే పెరుగుతాయి. చందనాన్ని చేవ కోసం నరికారు, రెండోదాన్ని ఆకుకూ బెరడుకూ ఒలిచారు. రెండూ తరిగిపోతున్నాయి.

నిన్నటి పొట్లంలో ఉన్నవి వెడల్పాటి ఆకులు. ఈ ఉదయం వెళ్లి, ఇవి సూదుల్లా లేవేమని అడిగాను.

"అసలుది యాడ దొరుకుతాది సార్? అందరూ దీన్నే తీసుకపోతాండారు," అన్నాడు అంగడాయన.

అవ్వ ఆ రోజు అడిగిన ఆకు ఇలాంటిదే.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చందనం అరగదీయరు.