పాడెకు అడ్డంగా కూర్చున్న ఆంటీ

మా ఎదురింటి ఆంటీ మొన్న ఆదివారం పోయారు. చర్చికి బయలుదేరి, చెప్పులు వేసుకుంటూ గడప దగ్గరే కూలిపోయారు. ఆటో ఎక్కించేలోపే అంతా అయిపోయింది. రెజిమెంటల్ బజార్‌లో మా గల్లీకి ఇది పెద్ద వార్త కావాలి. కానీ అందరూ పొద్దున్నే పాలు తెచ్చుకుంటూ, "అయ్యో పాపం" అనుకుని ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు.

ఒకప్పుడు ఈ గల్లీలో ఏ ఇంట్లో ఆడమనిషి పోయినా ముందు ఆంటీకే కబురు వెళ్లేది. మేము కోస్తా నుంచి కొత్తగా వచ్చిన రోజుల్లో నానమ్మ పోయింది. చుట్టాలెవరూ దగ్గర లేరు. అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆంటీ చీర కొంగు నడుముకు దోపుకుని వచ్చి, నానమ్మకు స్నానం చేయించి, పాదాలకు పసుపు కూడా తానే రాశారు. చేస్తున్నంతసేపూ ఆమెతో మాట్లాడుతూనే ఉన్నారు. "జెర చెయ్యి ఇటియ్యి పెద్దమ్మా, అయిపోవస్తున్నది."

క్రైస్తవురాలివై ఉండి పసుపు రాయడమేమిటని చర్చి పెద్ద ఒకాయన అడిగారట. "ఆమెకు ఇష్టమైంది ఆమెకు చేసిన. నా కాళ్లకు రాసుకోలే గద అయ్యగారూ" అన్నారట ఆంటీ. ప్రభువు తనకు ఈ పని అప్పగించాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరి మీదా రుద్దలేదు.

ఆ తర్వాత ఒకరోజు గల్లీ చివరి ఇంటి కోడలు బాత్రూంలో జారిపడి చనిపోయిందన్నారు. ఆంటీ వెళ్లారు, నీళ్లు పోయడానికి అమ్మ తోడు వెళ్లింది. ఇంకా స్నానమే కాలేదు, అప్పటికే ఆ అమ్మాయి మెడకు దట్టంగా పసుపు రాసి ఉంది. "మొకానికి లేదు, కాళ్లకు లేదు. ఒక్క మెడకే పసుపు ఏందమ్మా?" అన్నారు ఆంటీ. నీళ్లు పడేసరికి పసుపు జారింది. కింద వేళ్ల గుర్తులు కనిపించాయి.

ఆంటీ స్నానం ఆపేశారు. బయటికి వచ్చి, సిద్ధంగా ఉన్న పాడెకు అడ్డంగా తడి చీరతోనే గేటు దగ్గర కూర్చున్నారు. "పోలీసులు వచ్చేదాంక లేవ. తొక్కుకుంట పోతే పొండ్రి" అన్నారు. చివరికి పోలీసులు వచ్చారు, కేసు అయింది. నువ్వేం చూశావని అడిగితే అమ్మ, "నేను నీళ్లు పోశానంతే, ఏం చూడలేదు" అంది. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మా గల్లీలో మంచివాళ్లకు కొదవ లేదు, నోరు విప్పేవాళ్లకే కరువు. పరువు తీసిందని ఆంటీని పిలవడం మానేశారు. "క్షమించమనే కదా సిస్టర్, మనకు నేర్పింది?" అని చర్చిలోనూ అడిగారు. "క్షమించాల్సింది ఆ బిడ్డ. ఆమె లేదాయె. ఆమె తరఫున క్షమించనీకె నేనెవర్ని?" అన్నారు ఆంటీ. తర్వాత పక్కింటావిడ పోతే ఎవరినో కూలికి పిలిచి స్నానం చేయించారు. ఆంటీ ప్రహరీ బయట ఎండలో నిలబడి ప్రార్థన చేసుకున్నారు. పాడె కదిలాక ఇంట్లోకి వెళ్లిపోయారు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూనే ఉంది. ఆంటీ సాక్ష్యం ఇంకా కోర్టు దాకా రానే లేదు.

ఆదివారం చర్చివాళ్లు తెల్లచీర తెచ్చేలోపే తిరుమలగిరి నుంచి ఆ అమ్మాయి తల్లి వచ్చింది. "నా బిడ్డకు ఆఖరి స్నానం నేను చేయించలే. దవాఖానల కోసి మూటగట్టి ఇచ్చిండ్రు. ఈమెకైన నన్ను చెయ్యనియ్యుండ్రి" అంది. ఎవరూ కాదనలేదు. నీళ్లు పోయడానికి అమ్మే చెంబు అందుకుంది, నేను పక్కన నిలబడ్డాను.

ఆంటీ వీపు రుద్దుతూ ఆ తల్లి ఉన్నట్టుండి ఆగింది. "అక్కా, నువ్వు సుత పోతివి. ఇంక నా బిడ్డ ముచ్చట ఎవరు చెప్తరు?"

తలుపు దగ్గరున్న ఆడవాళ్లంతా నేల చూపులు చూశారు.

"నేనూ చూశానమ్మా. వేళ్ల గుర్తులు. నేను చెబుతాను" అంది అమ్మ.

ఆ తల్లి తల తిప్పి అమ్మను చూసింది. సబ్బు నురగ చేత్తోనే అమ్మ మణికట్టు పట్టుకుంది. శవపేటిక వచ్చిందని బయట మగవాళ్లు కేకేశారు. ఆమె వదల్లేదు, అమ్మ విడిపించుకోలేదు.