సదానందం సర్ఫేస్ డ్యూటీ

చిన్నప్పుడు సదానందం ఎండలో ఆడి వస్తే చాలు, ముక్కు మీదా బుగ్గల మీదా నల్లటి చుక్కలు మొలిచేవి. "అరే పిట్టగుడ్డూ" అని పిలిచేవాళ్లు తోటి పిల్లలు. తల్లి వేపాకు నూరి పూసింది, ఏమీ కాలేదు. తండ్రి పని నుంచి రిటైరయ్యాక ఆ కొలువులోనే బొగ్గుబాయిలోకి దిగాడు. లోపల అందరి మొఖాలూ ఒక్కటే నలుపు. అక్కడ పిట్టగుడ్డు ఎవరో పోల్చుకునేదెవరు? పదేళ్లలో చుక్కలు పెద్దగా పెరగలేదు. ఎందుకని అతనూ ఆలోచించలేదు.

భార్య సారక్క ఆలోచన వేరు. పక్క క్వార్టరు ముత్యం మీద బాయిలో కప్పు కూలి నడుము విరిగినప్పటి నుంచి ఆమెకు అన్నం సయించలేదు. యూనియన్‌లో తిరిగే అన్న లింగమూర్తి దగ్గరికి పోయింది. "అన్నా, నీ కాళ్లు మొక్కుత. ఆయన్ని పైకి తియ్యి."

బాయి మీద బతికేవాళ్లకు నేల పైన పని, ఆ సర్ఫేస్ డ్యూటీ కంటే పెద్ద వరం లేదు. లింగమూర్తి కంపెనీ డాక్టరునెవరినో పట్టుకుని, సదానందానికి లేని దమ్ము రోగం, అదే ఉబ్బసం, ఉందని రాయించాడు. బొగ్గు యార్డులో లారీల దగ్గర నిలబడే పని వచ్చింది. ఆ రోజు సారక్క కోడిని కోసింది. "ఎండైతే ఏంది? నెత్తి మీద కప్పన్న కూలదు" అంది.

మూడో ఎండాకాలానికి ముక్కు పక్కన పుండు లేచింది. పసుపు పెట్టారు. మానకపోగా కంటివైపు పాకింది. హైదరాబాద్ దవాఖానలో ముక్క తీసి చూసి క్యాన్సర్ అన్నారు.

"మీ అమ్మానాన్నలది మేనరికమా?" అడిగింది డాక్టరమ్మ.

"అవునమ్మా."

"ఇద్దరి నుంచీ వచ్చిన లోపం ఇది. ఎండ చేసిన దెబ్బను మీ చర్మం బాగుచేసుకోలేదు. ఈ గడ్డ తీసేస్తాం. ఎండలోనే ఉంటే ఇంకోటి వస్తుంది."

కోత మానగానే, సగం ముక్కుతో, లింగమూర్తి ఇంటికి పోయాడు. సారక్క వెంట వచ్చింది.

"బావా, నన్ను మళ్ల కిందికి పంపియ్యి."

"పిచ్చి లేసిందా?" లింగమూర్తి నవ్వాడు. "అందరు పైకి తియ్యమని నా ఎంబడి తిరుగుతున్నరు!"

"ఎండ తగలద్దన్నరు. కిందున్నప్పుడు మంచిగనే ఉంటి."

లింగమూర్తి నవ్వు ఆగిపోయింది. "దమ్ము రోగమున్నోన్ని కిందికి దించరు బావా. లేదంటవా, అబద్ధమాడినమని ఇద్దరి కొలువులు పోతయ్."

"పోనీ, బాయి దీపాలిచ్చే లాంపు రూంల?"

"ఆ నీడ పని కోసం నీ ముందట ఎంతమంది ఉన్నరో నీకెరుకే గదా."

సారక్క గోడకు ఆనుకుని అంతా విన్నది. ఏడవలేదు.

మర్నాడు పొద్దున తన పాత చీర చింపి, కళ్లు మాత్రం వదిలి, అతని మొఖానికి చుట్టింది.

"గట్టిగైందా?"

"లేదు."

"నిన్ను నేనే ఎండల నిలబెట్టిన."

నన్ను బతికించుకోవాలనే కదా చేశావు అని చెప్పాలనుకున్నాడు. నోటికి వేరే మాట వచ్చింది.

"కోడిని గూడ కోసినవ్."

ఆమె చేతులు ముడి దగ్గరే ఆగిపోయాయి. మొదటి షిఫ్టు సైరన్ మోగింది. మిగిలిన ముడి తానే వేసుకుని, సదానందం యార్డుకు బయలుదేరాడు.