పౌర్ణమి పొద్దున లేచే గీత

హనోయ్‌లో నా గది కింది గదిలో లువక్క ఉంటుంది. యాభై ఆరేళ్లు, ఒంటి మనిషి. ఇరవై రెండేళ్లుగా ఒక పరిశోధనశాల నాలుగో అంతస్తులో పని.

తగరమంటే మనకు ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే లోహం. దానికోసం కొండలు కొండలే తవ్విపోసిన ఊళ్లు తిరిగాను. అది వేరే కథ. ఆ తగరాన్నే కొలిమిలో ఆవిరి చేసి గాలి సోకనిస్తే వెంట్రుకలో వెయ్యోవంతు సన్నటి తీగలవుతుంది. జిగురు ఆవిరో, రంగుల ఆవిరో తగిలితే ఆ తీగల్లో కరెంటు నడక మారి, తెర మీద గీత లేస్తుంది. ఆ తీగలు పరిచిన బిళ్లను గాజుపెట్టెలో వేడెక్కించి, గది గాలి వదిలి, గీత కుదురుగా పడుకునేదాకా కాపలా కాయడం లువక్క పని. పొద్దంతా పలకరించే మనిషి ఉండడు.

ఈసారి బిళ్లలు బూట్లు అతికే షెడ్ల కోసం. గాలిలో జిగురు ఆవిరి ముదిరితే అవి కూత పెట్టాలి. ఆమె భర్త బిన్ పద్ధెనిమిదేళ్లు అలాంటి షెడ్డులోనే పనిచేశాడు. ఆ ఆవిరే ఆయన్ను తీసుకుపోయిందని లువక్క నమ్మకం.

ఈ బిళ్లలు మొదలెట్టిన నాలుగు నెలల్లో ఎనిమిదిసార్లు, ఏ ఆవిరీ వదలకుండానే, పొద్దున్నే గీత లేచింది.

"లువక్కా, సెంటేమన్నా పూసుకుంటున్నావా?" అన్నాడు వాళ్ల పెద్ద, ఖియెం.

"నాకెందుకయ్యా సెంటు? ఎవరు వాసన చూడొస్తున్నారని!"

"అయితే తీగలే చెడ్డాయి. శుక్రవారం అన్నీ పారేద్దాం."

ఆమె ఆ ఎనిమిది తేదీలూ కాగితమ్మీద రాసుకుని ఇంటికొచ్చి, రోజుకొకటి చింపే క్యాలెండరు పాత కాగితాల్లో వెతికింది. కింద చిన్నంకెల్లో చాంద్రమానం తిథి ఉంటుంది. అన్నీ పాడ్యమి, లేదంటే పౌర్ణమి. ఆ రెండు పొద్దులూ తలుపేసున్న గదిలో బిన్ ఫొటో ముందు మూడు అగరొత్తులు వెలిగించి, ఒక కప్పు టీ పెట్టి, పొగ పట్టిన ఆ తలతోనే పనికి పోతుంది.

ఆ సంగతి చెబితే బిన్‌తో గడిపే ఆ పొద్దులు పోతాయి. చెప్పకపోతే బిళ్లలు పోతాయి.

శుక్రవారం చెప్పింది. "తీగల తప్పు కాదు. మా ఆయన తప్పు."

"ఆయన పోయి తొమ్మిదేళ్లయింది కదక్కా!"

"పోయినా నెలకు రెండుసార్లు నీ పెట్టెలోకొస్తున్నాడు."

ఖియెం నమ్మలేదు. ఆమె అక్కడే ఒక అగరొత్తి వెలిగించి, జుట్టుకు పొగ పట్టించి, పెట్టె దగ్గరకు వంగింది. గీత లేచింది. అతను చప్పట్లు కొట్టాడు.

"ఇంత పసిగడుతోందా! భేషుగ్గా ఉన్నాయి తీగలు. అక్కా, ఇకనించి సాయంత్రం వెలిగించుకో, ఏం?"

"అలాగే. పొద్దున టీ తాగే మనిషిలే. సర్దుకుంటాడు."

బిళ్లలు బతికాయి. తర్వాతి పౌర్ణమి పొద్దున ఆమె తలంటుకుని, ఫొటో వైపు చూడకుండా పనికి పోయింది. ఆ సాయంత్రం ఫొటో ముందు అగరొత్తులు, టీ పెట్టి, నాకూ టీ పోస్తూ చెప్పింది:

"గీత కదల్లేదు, అన్నా. అది పడుకునేదాకానే చూడాలి, నేనేమో మధ్యాహ్నం దాకా చూస్తూ కూచున్నా. తొమ్మిదేళ్లుగా నేను అగరొత్తి వెలిగిస్తున్నానని తెలిసింది ఆ పెట్టెకొక్కదానికే."

తర్వాత లేచి, ఫొటో ముందున్న టీ ముట్టుకు చూసి, చల్లారిందని మార్చింది.