ఆ నడకకు ఆమెను పిలవలేదు

కరోనా మొదటి ఏడాది సెప్టెంబరులో, ఐర్లండ్‌లోని లిమరిక్‌లో కాలేజీలో చేరాను. క్లాసులన్నీ లాప్‌టాప్‌లోనే. హాస్టల్ ఫ్లాట్‌లో ఆరుగురం ఉన్నా ఎవరి తలుపు వాళ్ళు వేసుకునేవాళ్ళం. ఒకరోజు బయట నడుస్తుంటే పక్క ఫ్లాట్ వంటింటి కిటికీలోంచి తెలుగు వినబడింది. "అమ్మా, గ్లాసు బియ్యానికి ఎన్ని నీళ్ళు?" అని ఎవరో అమ్మాయి ఫోన్‌లో అరుస్తోంది.

"టూ!" అని కిందనుంచి నేనూ అరిచాను. ఆమె తొంగిచూసి పకపకా నవ్వింది.

వాళ్ళది ట్రాలీ అనే ఊరు. వాళ్ళమ్మ అక్కడ ఆసుపత్రిలో నర్సు. మేముండేది డబ్లిన్ శివార్లలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో. మా అమ్మ నర్సింగ్ హోమ్‌లో వృద్ధుల్ని చూసుకునే కేరర్. మేమిద్దరం రోజూ మెట్ల మీద రెండు మీటర్ల దూరంలో కూర్చుని కబుర్లాడుకునేవాళ్ళం. నా తెలుగు విని ఆమె ఏడిపించేది.

కాలేజీలో అమ్మాయిల క్లబ్బు, సొసైటీ అంటారు, ఒకటి కొత్తగా చేరినవాళ్ళలోంచి ముగ్గుర్ని తమ బృందంలోకి తీసుకుంటామని ప్రకటించింది. పాత ఫోటోల్లో ఆ సీనియర్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని ఉన్నారు. వాళ్ళలో ఒకదాన్ని కావాలని నేనెంత ఆశపడ్డానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఇద్దరం పేర్లిచ్చాం.

ఎంపిక వీడియో కాల్స్‌లో జరిగింది. పది నిమిషాలు ఇద్దరు సీనియర్లతో మాట్లాడాలి, తర్వాత మరో ఇద్దరితో. నాకు నోరు పెగిలేది కాదు. ఆమే నేర్పింది. "నువ్వు స్క్రీన్ చూస్తున్నావ్. కెమెరా చూడు. ఆ, ఇప్పుడు నవ్వు." తన టేబుల్ లైటు కూడా శానిటైజర్‌తో తుడిచి ఇచ్చింది.

చివరికి మా ఇద్దరితో కలిపి ఐదుగురం మిగిలాం. ఆఖరి మెట్టు, అందరూ కలిసి నది ఒడ్డున నడక. ముందురోజు సొసైటీ ప్రెసిడెంట్ నాకు ఫోన్ చేసింది. "మీ పక్క ఫ్లాట్ అమ్మాయి నీకు తెలుసు కదా, మీరిద్దరూ ఇండియన్సే. ఎలాంటిది?" అని మామూలుగానే అడిగింది. మూడు చోట్లలో మా ఇద్దరికీ చోటివ్వరేమో అన్న భయం అప్పుడే పుట్టింది నాకు.

"చాలా మంచిది," అన్నాను. "కాకపోతే ప్రతి వీకెండూ ఇంటికెళ్తుంది. వాళ్ళమ్మ కోవిడ్ వార్డులో చేస్తుంది. మీకు తెలిస్తే మంచిదని చెప్తున్నా, అంతే."

"చెప్పినందుకు థాంక్స్," అందామె.

మా అమ్మ ఏం చేస్తుందో ప్రెసిడెంట్ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ ముందు ఆదివారమే నేనూ ఇంటికెళ్ళి, డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని టీవీ చూసి వచ్చాను.

ఆమెను నడకకు పిలవలేదు. నన్ను తీసుకున్నారు. ఆ సాయంత్రం ఆమె నా తలుపు దగ్గర కేకు పెట్టి, దూరంగా నిలబడి చప్పట్లు కొట్టింది. "కంగ్రాట్స్! నాకేం, బానే ఉన్నా, ఐ యామ్ గ్రాండ్," అంది. ఆ కేకు నేను తిన్నాను.

క్రిస్మస్‌కు అందరం ఇళ్ళకు పోయి, లాక్‌డౌన్‌తో అక్కడే ఉండిపోయాం. మరుసటి ఏడు కాలేజీ తెరిచాక కాఫీ క్యూలో ఆమె కనబడితే పక్కకు పిలిచాను.

"నీకో విషయం చెప్పాలి."

"మా అమ్మ సంగతేనా? నాకప్పుడే తెలుసు. ఎందుకు పిలవలేదని అడిగితే ఆ ప్రెసిడెంటే చెప్పింది."

"మరి నన్ను అడగలేదేం?"

"నీ అంతట నువ్వే చెప్తావని చూశా. క్రిస్మస్ దాకా చూశా." ఆమె గొంతులో కోపం లేదు. "నన్ను వెనక్కి నెట్టావ్, సరే. మా అమ్మని ముట్టుకోకూడని మనిషిని చేశావ్. మీ అమ్మ చేసేదీ అదే పని కదా?"

సారీ అన్నాను. ఆమె తలూపి, తన కాఫీ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత ఎదురుపడితే పలకరించేది, మెట్ల దగ్గరికి మాత్రం రాలేదు.

ఆ రోజే సొసైటీ మానేశానని రాయగలిగితే బాగుండేది. మానలేదు. ఇంకో ఏడాది ఉన్నాను. కొత్త అమ్మాయిల్ని ఎంచే వీడియో కాల్స్‌లో ఇటువైపు, సీనియర్లలో నేనూ కూర్చున్నాను.